షాఫ్ట్ దగ్గర కొడిరోజా

మా గని కార్మికుల లైన్లలో రెండిళ్ళకు మధ్య గోడ ఒకటే. ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది. నేను పెళ్ళై కోలారు నుంచి కేజీఎఫ్‌కు వచ్చేనాటికే ఆ గోడకు అవతల ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. లైనంతా ఆమెను పెద్దమ్మ అనేది. నేనూ అలాగే పిలిచాను. కుప్పం పక్క పల్లె మనిషి. భర్త గనిలో పనిచేసేవాడు, నేను రాకముందే పోయాడు. ఒక్కతే కూతురు. మాస్తి దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచే ఇంటికి ఇచ్చింది.

భర్త పోయాక పెద్దమ్మ కొన్నేళ్ళు ఒక ఆఫీసరు బంగళాలో తోటపని చేసింది. అక్కణ్ణుంచి తెచ్చిన తీగ ఒకటి ఆమె పెరట్లో పందిరెక్కి ఉండేది. తమలపాకులాంటి ఆకు, కాస్త ముడతలు పడి ఉంటుంది. లేత గులాబీ రంగు పూలు గుత్తులు గుత్తులుగా, ఏడాదిలో ఎక్కువ నెలలు పూస్తూనే ఉంటాయి. తమిళం మాట్లాడేవాళ్ళు దాన్ని కొడిరోజా అనేవాళ్ళు, తీగ గులాబీ అని. మాకూ అదే పేరు అలవాటైంది. గులాబీకీ దానికీ చుట్టరికమేమీ లేదు. ఎండ ఎక్కగానే తేనెటీగలు పందిరి నిండా చేరేవి. వాటి రొద సన్నటి మూలుగులా మా వంటింట్లోకి వచ్చేది.

ఆ తీగ ఆగే రకం కాదు. రోజూ కత్తిరించకపోతే మా రేకులమీదికి, బట్టలారేసే తీగమీదికి పాకేది. పెద్దమ్మ రోజూ పొద్దున్నే కత్తిరించి, ఆ కొమ్మలూ పూలూ గంపకెత్తుకుని బయటికి వెళ్ళేది. నేను అప్పట్లో తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోయేదాన్ని కాబట్టి, సెలవు రోజుల్లో మాత్రమే ఆమె అలా పోవడం చూసేదాన్ని. మా పెరట్లో ఆకూ అలమూ వేసే ఎరువు గుంత ఒకటి ఉంది. ఒకసారి ఊరికే అడిగాను.

"అంత దూరం ఎత్తుకుని పోతావెందుకు పెద్దమ్మా, మా గుంతలో వేసెయ్యొచ్చు కదా?"

ఆమె గంప దించకుండానే, "మీ గుంతలో ఎవురుండారమ్మా," అంది.

ఆమె వెనకే నడిచాను. లైన్లు దాటి, మురుగునీళ్ళ మోరీ దాటి, ఒకప్పుడు గనిలోకి దిగే దారైన, ఇప్పుడు మూసేసిన షాఫ్ట్ దగ్గరికి తీసుకుపోయింది. చుట్టూ ముళ్ళకంచె. లోపల భూమి ఎక్కడ కుంగుతుందో తెలియదు కాబట్టి ఎవరినీ పోనివ్వరు. ఆమె కంచె పక్కన నిలబడి గంపలోవి పిడికిళ్ళతో లోపలికి విసిరింది. కంచె దాటనివి అక్కడే మోరీ గట్టున పడ్డాయి. అప్పటికే గట్టంతా కొడిరోజా అల్లుకుని ఉంది.

వచ్చేటప్పుడు చెప్పింది. భూమి అడుగున రాయి ఒత్తిడికి పగిలి విరుచుకుపడడం మా ఊళ్ళో పాతవాళ్ళందరికీ తెలుసు. అప్పుడు పైన ఇళ్ళలో గిన్నెలు కదిలేవట. అట్లా పగిలిన ఒక రోజున ఆమె భర్త ఆ షాఫ్ట్ అడుగున ఉన్నాడు. వెతికారు. చేరలేకపోయారు. ఇంకా వెతికితే వెతికేవాళ్ళ ప్రాణాలు కూడా పోతాయని ఆ చోటును మూసేశారు. అది తప్పని ఆమె ఎప్పుడూ అనలేదు. దహనం చెయ్యడానికి ఏమీ రాలేదు, అంతే. అందుకని తన చేత్తో పెంచిన పూలు తెచ్చి వేస్తూ ఉంది. కొమ్మతో వేస్తే వాడిపోకుండా అక్కడే బతుకుతాయని కొమ్మలతోనే వేస్తూ ఉంది.

పెద్దమ్మ ఒక చలికాలంలో పోయింది. కూతురు వచ్చి కర్మ అంతా చేసి, ఇంటికి తాళం వేసి మాస్తికి వెళ్ళిపోయింది. అద్దెకు ఇవ్వడానికి మనసు రాలేదంది. నేను అదే ఏడు మోకాళ్ళ నొప్పులతో ఫ్యాక్టరీ మానేశాను. పగలంతా ఇంట్లోనే. అప్పుడే ఆ ఇల్లు వినిపించడం మొదలైంది.

గోడకు అవతల ఏదో రాసుకునే చప్పుడు. ఎవరో చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు, చాపమీద పక్కకు తిరిగినట్టు. ఎలుకలనుకున్నాం. మా ఆయన బోను పెడదామన్నాడు గానీ, తాళం తీయాలంటే కూతురు రావాలి. వానాకాలం వచ్చాక చప్పుడు ఎక్కువైంది. పెరట్లో తీగ కత్తిరించేవాళ్ళు లేక పందిరి విరిగి పడింది. అది నేలమీద పాకి, గోడలెక్కి, మా ఇంటి వెనక కిటికీ ఊచలు పట్టుకుంది. నేను తెంచితే వారంలో మళ్ళీ వచ్చేది.

ఒక సాయంత్రం బంగారుపేటలో పెళ్ళికి పోయి రైలు దిగి నడిచి వస్తున్నాను. మసక పడుతోంది. షాఫ్ట్ కంచె పక్కన ఒక మనిషి గంప పెట్టుకుని వంగి ఉంది. కొంగు నెత్తిమీదికి లాగుకుని, పెద్దమ్మ ఎట్లా వంగేదో అట్లాగే. "పెద్దమ్మా" అని నోరారా పిలిచాను. పిలిచాక ఆమె చనిపోయిన సంగతి గుర్తొచ్చింది. కాసేపటికి ధైర్యం చేసి దగ్గరికి పోతే, అది ఒరిగిపోయిన కంచె స్తంభం. కొడిరోజా దాన్ని పూర్తిగా కప్పేసి ఉంది. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తాను చాన్నాళ్ళుగా ఆ దోవ మానేసి చుట్టు తిరిగి వస్తున్నానన్నాడు.

ఆ వానల్లోనే మోరీ పొంగింది. షాఫ్ట్ గట్టు నుంచి లైన్ల దాకా తీగ మోరీని నింపేసింది. నీళ్ళకు దారి లేక మా ఇళ్ళలోకి వచ్చాయి. వానలు తగ్గాక లైను మగవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి, కొడవళ్ళతో తీగంతా కోసి, ట్రాక్టరు పిలిపించి ఎత్తించారు. ఎక్కడ పోస్తాడని ట్రాక్టరతన్ని ఎవరూ అడగలేదు. మోరీ శుభ్రపడింది, అందరం సంతోషించాం.

మరుసటి ఏడు వానలకు ఊరి బయటి చెరువు గట్టు గులాబీ రంగుకు మారింది. ట్రాక్టరతను అక్కడ పోశాడు. గట్టుమీది తుమ్మచెట్లమీద తీగ దుప్పటిలా పడి, కింద గడ్డి చచ్చిపోయింది. గొర్రెలు కాసేవాళ్ళు వచ్చి ఇది మీ లైన్లదే అని మమ్మల్ని నిలదీశారు. మా మోరీలోనూ కోసిన మొదళ్ళనుంచి మళ్ళీ లేచింది, మునుపటికంటే ఒత్తుగా.

అప్పుడు నేను ఒక గుడ్డసంచీలో కొమ్మ, కాయ, తవ్వితే దొరికిన చిన్న గడ్డ పెట్టుకుని కోలారు బస్సెక్కాను. ఉద్యానశాఖ ఆఫీసులో ఒక అమ్మాయి, ఆఫీసరే, వాటిని చూసి సంచీ మూతి గట్టిగా కట్టమంది. ఇది పై దేశం నుంచి తోటలకోసం తెచ్చిన తీగ అని, పైన ఎంత కోసినా భూమిలో గడ్డలు దాన్ని మళ్ళీ లేపుతాయని, గింజలు నీళ్ళమీద తేలిపోతాయని ఓపిగ్గా చెప్పింది. కోసింది మోరీలోనో చెరువులోనో ఖాళీ జాగాలోనో పారేస్తే అక్కడ నాటినట్టే. పచ్చిగా ఎరువు గుంతలో కూడా వెయ్యకూడదు. పూలు గింజ కట్టకముందే కోసి మూట కట్టాలి. తీగను నేల తగలకుండా రేకులమీద పెళపెళలాడేదాకా ఎండబెట్టాలి. గడ్డలను తవ్వి, నీళ్ళ డ్రమ్ములో మూతపెట్టి, మెత్తగా కుళ్ళిపోయేదాకా ఉంచాలి. మొదటి మొక్క ఎక్కడుందని అడిగింది. తాళం వేసిన ఇంటి పెరట్లో అన్నాను. మొదలు అక్కణ్ణుంచే పెట్టమంది.

పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశాను. రెండో రోజు వచ్చింది.

ముందు తలుపు తాళం తుప్పుపట్టి చాలాసేపటికి గానీ రాలేదు. తలుపు తోస్తే తెరుచుకోలేదు. లోపల ఏదో ఆనుకుని ఉన్నట్టు మెల్లగా మళ్ళీ మావైపుకే వచ్చింది. ఇద్దరం భుజాలు పెట్టి తోశాం. లోపల చీకటి, తడి మట్టి వాసన. కళ్ళు అలవాటు పడ్డాక కనిపించింది. రేకుల సందుల్లోంచి, వెనక తలుపు కిందనుంచి తీగ లోపలికి వచ్చింది. వెలుతురు లేక ఆకు వెయ్యలేదు, పచ్చదనం లేదు. తెల్లగా, పొడుగ్గా, ఉడికిన సేమ్యాలాంటి పోగులు గోడలనిండా. వంటగూట్లో గిన్నెల్లోకి దిగి ఉన్నాయి. దండెంమీద మిగిలిపోయిన చీరను చుట్టుకుని ఉన్నాయి. పెద్దమ్మ నులకమంచం మీద మాత్రం దట్టంగా, ఒక మనిషి పడుకున్నంత మేర, ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉన్నాయి. నులక సందుల్లోంచి కిందికి జారినవి మా గోడను తాకుతున్నాయి. గాలి వచ్చినప్పుడు అవి కదిలి, నేను ఇన్నాళ్ళూ విన్న చప్పుడు చేశాయి.

కూతురు ఏడవలేదు. మంచం దగ్గరికి పోయి ఆ తెల్లటి పోగులను వేళ్ళతో తాకింది. బయటికి తీసుకొచ్చి మా ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఆఫీసరు చెప్పిందంతా చెప్పాను. తీసేద్దాం అంది. కానీ పెరట్లోకి వచ్చాక, పూలున్న కొమ్మ ఒకటి తుంచి తడిగుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది.

"ఒక్క కొమ్మ తీస్కపోతా అక్కా. మా మల్బరీ తోట గట్టున పెట్టుకుంటా. అమ్మ చేతి మొక్క ఇంగ యాడ దొరుకుతాది నాకు?"

అది మల్బరీని మింగేస్తుందని చెప్పాను. జాగ్రత్తగా పెంచుకుంటానంది. మీ అమ్మ కూడా జాగ్రత్తగానే పెంచిందన్నాను. ఆమె ముఖం మారిపోయింది. "మీకు మీ అమ్మోళ్ళు ఉండారు. నాయన్ని నేను చూసిందే గుర్తు లేదు. అమ్మ పోయె. ఈ కొమ్మ మీకేం అడ్డం?" అంది. బలవంతంగా చేతిలోంచి లాక్కోలేను కదా. చివరికి, పోయేముందు ఒకసారి నాతో నడిచి రా, ఇది ఎక్కడెక్కడికి పోయిందో చూడు, తర్వాత నీ ఇష్టం అన్నాను. గుడ్డలో చుట్టిన కొమ్మ చేతిలోనే పట్టుకుని వచ్చింది.

మోరీ వెంబడి నడిచాం. గనులు మూసేశాక ఖాళీ అయిన క్వార్టర్లు ఒకదాని తర్వాత ఒకటి, కిటికీలు కనిపించకుండా కప్పేసి ఉన్నాయి. ఏ ఇల్లు ఎవరిదో నాకే తెలియలేదు. దూరంగా, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బలమీద గాలి తెల్లటి దుమ్ము లేపుతోంది. మోరీ ఒంపు తిరిగే చోట గని కార్మికుల పాత శ్మశానం ఉంది. నేనూ అటు పోయి చాన్నాళ్ళైంది. గేటు దగ్గరే ఆగిపోయాను. సమాధులు లేవు. ఎత్తుపల్లాలుగా ఒకటే ఆకు, ఒకటే గులాబీ రంగు, ఈ చివరనుంచి ఆ చివరదాకా. తేనెటీగల రొదకు చెవులు నిండిపోయాయి.

మధ్యలో ఒక ముసలామె చిన్న కొడవలితో తీగను కోస్తూ ఉంది. పక్కన సంచీలో పూలదండ, కొబ్బరికాయ. మమ్మల్ని చూసి, కళ్ళు సరిగా ఆనవని, సమాధి కాస్త వెతికిపెట్టమని అడిగింది. భర్త తిథి అట. ఆంధ్రా పక్కకు కొడుకు దగ్గరికి పోయి కొన్నేళ్ళు రాలేకపోయిందట.

"సిమెంటు గట్టు ఉంటాదమ్మా, పక్కన వేపచెట్టు. ఆ చెట్టూ కనబడలే. మాయన యాడుండాడో తెలీడం లేదు."

ముగ్గురం వెతికాం. వేపచెట్టు దొరికింది, తీగ కింద ఎండి నిలబడి ఉంది. దాని చుట్టూ చేతులతో తడిమాం. పెద్దమ్మ కూతురు మోకాళ్ళమీద కూర్చుని తీగను రెండు చేతులా పీకుతూ ఒక గట్టు బయటపెట్టింది. దానిమీద తమిళంలో వేరే పేరు ఉంది. ఇంకొకటి బయటపెట్టింది. అదీ కాదు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ముసలామె అలిసిపోయింది. చివరికి వేపచెట్టు మొదట్లో కొంచెం ఖాళీ చేసుకుని, దండ అక్కడ పెట్టి, కర్పూరం వెలిగించింది. "ఈడే ఎక్కడో ఉండాడు," అని చేతులు జోడించింది. మాకు చెరో కొబ్బరిచిప్ప ఇచ్చి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది. ఎవరని గానీ, ఏ ఊరని గానీ మేం అడగలేదు.

ఆమె పోయాక పెద్దమ్మ కూతురు ఆ వేపచెట్టు దగ్గరే కూర్చుండిపోయింది. చేతులనిండా తీగ పసరు.

"మా నాయనకు వేసింది వీళ్ళందరి మీదికి వచ్చినాది," అంది. చేతులు చీరకు తుడుచుకుని, "మీ ఇంట్లో గడ్డపార ఉండాదా అక్కా?" అని అడిగింది. గుడ్డలోని కొమ్మను విప్పి చూసుకుని, మళ్ళీ చుట్టి, నా సంచీలో వేసింది.

పెరట్లో మొదలుపెట్టాం. మా ఆయన, లైనులో ఇంకో ఇద్దరు వచ్చారు. పందిరి గుంజ పక్కన తవ్వుతుంటే తెల్లగడ్డలు గొలుసు గొలుసుగా వచ్చాయి. అన్నిటికంటే అడుగున ఒకటి, బూడిదగుమ్మడికాయంత, పైన నల్లటి బెరడు కట్టి, ముదురుది. పెద్దమ్మ బంగళా నుంచి తెచ్చి నాటిందదే అయ్యుంటుంది. కూతురు దాన్ని మట్టి దులిపి పైకి తీసింది. డ్రమ్ములో మాత్రం వెయ్యలేకపోయింది. నేను తీసుకుని వేశాను. నీళ్ళలో మునిగేటప్పుడు దాన్నుంచి బుడగలు చాలాసేపు వచ్చాయి. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. ఇంట్లోని తెల్లటి పోగులను మంచంతో సహా బయటికి మోసుకొచ్చి రేకులమీద పరిచాం. ఎండకు అవి ఒక్క పూటలోనే గోధుమరంగుకు తిరిగి ముట్టుకుంటే పొడిపొడి అయ్యాయి.

ఆ తర్వాత ఆమె పట్టుపురుగుల పనికి విరామం ఉన్నప్పుడల్లా వచ్చేది. లైనువాళ్ళూ కలిసొచ్చారు. మోరీ గట్టు, క్వార్టర్లు, తర్వాత శ్మశానం. చెరువు గట్టున గొర్రెలవాళ్ళు వాళ్ళే తవ్వుకుంటామన్నారు. గడ్డలు అక్కడే వదిలెయ్యొద్దని మా డ్రమ్ములు ఇచ్చాం. పూలగుత్తులు మూటలు కట్టి, గింజ పనికిరాకుండా పోయేదాకా ఎండలో పడేశాం. మా పెరడంతా కుళ్ళిన వాసన. ఆ వాసనకు నాకు అన్నం దిగేది కాదు. ఒక్కోసారి డ్రమ్ము మూత తీస్తే లోపల ఇంకా ఒక తెల్లటి మొలక లేచి ఉండేది. మళ్ళీ మూత పెట్టేదాన్ని.

శ్మశానంలో ఒకరోజు, వేపచెట్టుకు మేం వెతికిన వైపు కాక అవతలి వైపున, సిమెంటు గట్టు ఒకటి దొరికింది. తెలుగులో చెక్కిన పేరు. ఆ ముసలామె భర్తదో కాదో మాకు తెలియదు. ఆమె దండ పెట్టిన చోటు దానికి కాళ్ళవైపు పడింది. కడిగి పెట్టాం. మరుసటి తిథికి వస్తుందని ఆ రోజంతా నేను గేటు దగ్గర కాచుకున్నాను. రాలేదు.

మిగిలింది షాఫ్ట్. కంచె లోపలికి పోవడానికి వీల్లేదు. కావలివాడు మంచివాడే గానీ, భూమి కుంగితే నన్ను కూడా లాక్కుంటుందమ్మా అని చేతులు జోడించాడు. కంచె బయట ఉన్నదంతా తవ్వేశాం. లోపల ఉన్నది ఉంది. మనుషులను గనిలోకి దించిన ఇనుప చక్రాల స్టాండుమీదికి తీగ సగందాకా ఎక్కింది. వానకోసారి బయటికి తల పెడుతుంది. నేను పోయి, దాటినవి కోసి, సంచీలో ఇంటికి తెచ్చి ఎండబెడతాను. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న పూలగుత్తులను దోటితో లాగి కోస్తాను. లోపలి గింజ లోపలే పడేట్టు చూడడం తప్ప ఇంకేమీ చెయ్యలేమని ఆఫీసరు అమ్మాయి కూడా అంది.

పోయిన వానలు వెలిశాక పెద్దమ్మ కూతురు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి పోయాం. కోయాల్సింది కోశాక ఆమె కంచె పట్టుకుని నిలబడింది. అంతకుముందు ఎప్పుడూ తండ్రితో మాట్లాడగా నేను వినలేదు. ఎదురుగా మనిషి ఉంటే ఎట్లా చెబుతామో అట్లా, గొంతు పెంచకుండా చెప్పింది.

"అమ్మ ఇంగ రాదు నాయనా. నేను వస్తా. పూలు మాత్రం తేను."

లోపల తేనెటీగల రొద. అంత దట్టంగా అల్లుకున్న ఆకులు గాలి లేకుండానే ఒకచోట కదిలాయి. పిట్ట అయ్యుండొచ్చు. ఏ పిట్టా పైకి లేవలేదు. ఆమె అటే చూస్తూ ఉంది. నేను సంచీ మూతి కట్టి, బస్సు పోతుందని ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను. బస్సెక్కేముందు ఆమె తన చీర అంచూ నా చీర అంచూ దులిపి, అంటుకున్న గింజలేమైనా ఉన్నాయేమోనని వంగి చూసింది.